తాళం వేసిన ఇంటి రీడింగు

మీటరాయనకు అసలు పేరొకటి ఉండేది. కరెంటు ఆఫీసు జీతాల పుస్తకంలో తప్ప దాన్ని ఎవరూ వాడలేదు. ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, "మీటరాయన వస్తున్నాడు, కుక్కను కట్టెయ్యండి" అనేవాళ్ళు. ఇరవై ఏళ్ళకు పైగా జనం పెరళ్ళలోకీ మెట్ల కిందికీ దూరి అంకెలు రాసుకున్నాడు. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. మీటరు చూపించిన అంకె వేసుకోవడం, చీటీ చేతిలో పెట్టడం, పక్కింటికి పోవడం. మొగుడూ పెళ్ళాలు గిన్నెలు విసురుకుంటున్న ఇంట్లోకి వెళ్ళినా ఆయన చూపు మీటరు మీదే ఉండేది.

ఆ ఉద్యోగంలో ఆయనకు ఒక విద్యలో మాత్రం పేరొచ్చింది. ఇంటికి తాళం ఉంటే రీడింగు ఎలా తీస్తారు? పాత నెలలు చూసి, ఎండలా వానలా అన్నది చూసి, ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారో గుర్తు తెచ్చుకుని, సగటు వేసేస్తారు. మిగతావాళ్ళు సగటు వేస్తే జనం ఆఫీసు మీదికి వచ్చేవాళ్ళు. ఈయన వేస్తే, తాళం తీశాక మీటరు చూసుకున్నవాళ్ళు కూడా నోరెత్తేవాళ్ళు కాదు. అలా అలా, తలుపు తెరవకుండానే లోపల ఏముందో తాను చెప్పగలనని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. మనిషికి ఇంతకంటే చెడ్డ నమ్మకం ఉండదు. కానీ కరెంటు ఆఫీసులో దానికి మెచ్చుకునేవాళ్ళు.

కొన్నాళ్ళకు మీటర్లే తమ అంకెలు తాము పంపుకోవడం నేర్చుకున్నాయి. ఆఫీసువాళ్ళు మీటరాయనకు టీ ఇచ్చి, భుజం తట్టి, ఇంటికి పంపేశారు. అప్పటికి మామగారు పోయి మూడు నెలలైంది. అత్తగారు ఒక్కరే ఉన్నారు, తోడుండాలి కదా అని చెప్పుకుని, భార్యాభర్తలిద్దరూ అద్దె ఇల్లు ఖాళీ చేసి ఆవిడ ఇంటికి చేరారు. తోడుండాలన్నది అబద్ధం కాదు. అద్దె కట్టే దారి లేదన్నదీ అబద్ధం కాదు. రెండింటిలో నలుగురిలో చెప్పుకోవడానికి బాగున్నదాన్ని చెప్పుకున్నారు. ఆ విధంగా నలభై ఏడో ఏట మీటరాయన ఇల్లరికపుటల్లుడయ్యాడు.

ఆయన భార్య ఒక ఆసుపత్రిలో బిల్లుల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా జనం ఆవిడ మీద అరుస్తుంటారు. కౌంటరు వెనకాల అద్దాల గదిలో మాత్రం కొందరు చల్లగా, చప్పుడు లేకుండా కూర్చుని ఏవో అంకెలు కొడుతుంటారు. వాళ్ళ మీద ఎవరూ అరవరు. వాళ్ళనే మెడికల్ కోడర్లంటారని ఆవిడ కనుక్కుంది.

"డాక్టరు రాసిన నోటు చదవాలి. ప్రతి జబ్బుకీ ప్రతి వైద్యానికీ ఒక కోడు ఉంటుంది. అది పుస్తకంలో వెతికి వెయ్యాలి. అది చూసి బీమా కంపెనీ డబ్బిస్తుంది," అని మొగుడికి చెప్పింది. "మీకు బాగా నప్పుతుంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు."

"డాక్టరీ చదవాలేమో."

"అక్కర్లేదు. ఒక పరీక్ష పాసవ్వాలి. పుస్తకాలు దగ్గర పెట్టుకునే రాయొచ్చట."

పుస్తకాలు చూసి రాసే పరీక్ష అనేసరికి మీటరాయన ధైర్యం తెచ్చుకున్నాడు. పుస్తకాలు ఇంటికొచ్చాక ఆ ధైర్యం ఎటో పోయింది. ఒక్కోటి దిండంత లావు. వాటిలో మనిషికి రాగల రోగాలన్నీ ఉన్నాయి. నిచ్చెన మీంచి పడటం వేరు, మెట్ల మీంచి పడటం వేరు, మంచం మీంచి పడటం వేరు. ఆవు పొడవడానికి ఒక కోడు, ఆవు తొక్కడానికి ఇంకొకటి ఉన్నాయి. అలాంటి పుస్తకం రాసినవాళ్ళు ఎంత దూరం ఆలోచించారో అని ఆయన చాలాసేపు వాళ్ళ గురించే ఆలోచించాడు, పాఠం మాత్రం ముందుకు సాగలేదు.

ఈలోగా తోడల్లుడు రంగంలోకి దిగాడు. ఆయనకు పెయింట్ల దుకాణం ఉంది, నాలుగు డబ్బులున్నాయి, ఊళ్ళో వాళ్ళందరి బతుకులకూ ఏ రంగు వెయ్యాలో తనకే తెలుసన్న ధీమా ఉంది. ఒక ఆదివారం వచ్చి, వీధివైపు తలుపున్న ముందుగదిని అటునుంచి ఇటు అడుగులు వేసి కొలిచాడు.

"చూడు తమ్ముడూ, పరీక్ష రాయి, వద్దనను. పోయిందనుకో, ఈ గదిలో మన దుకాణం బ్రాంచి పెట్టేద్దాం. కౌంటర్లో నువ్వు కూర్చో. అత్తయ్యగారికీ మనిషి తోడుంటాడు."

మీటరాయన నవ్వాడు. తోడల్లుడి దుకాణంలో తోడల్లుడు ఇచ్చిన కుర్చీలో కూర్చుని, నెలకోసారి తోడల్లుడికి లెక్క అప్పజెప్పడం ఆయనకు కళ్ళ ముందు మెదిలింది. ఆ రోజు నుంచే ఆయన నిజంగా చదవడం మొదలుపెట్టాడు.

కోచింగు క్లాసు ఒక మందుల షాపు మేడ మీద జరిగేది. మిగతావాళ్ళంతా పాతికేళ్ళ లోపు పిల్లలు, ఆయన్ని అంకుల్ అనేవాళ్ళు. పాఠం చెప్పే మేడం కూడా వయసులో చిన్నదే, కానీ ముక్కు మీద కోపం. మొదటి టెస్టు పేపరు తిరిగిచ్చేటప్పుడు ఆవిడ మీటరాయన దగ్గర ఆగింది.

"అంకుల్, నోటులో దగ్గు, జ్వరం అని ఉంది. మీరు న్యుమోనియా కోడు వేశారు. న్యుమోనియా అని ఎక్కడుంది?"

"ఎక్స్‌రే తియ్యమన్నారు కదండీ. మందులు కూడా గట్టివే రాశారు."

"డాక్టరు న్యుమోనియా అని రాశాడా?"

"రాయలేదు."

"ఇక్కడ, మణికట్టు విరిగింది అని ఉంది. ఏ చెయ్యో లేదు. మీరు కుడిచెయ్యి వేశారు."

"ఎక్కువమందికి కుడిదే విరుగుతుంది కదండీ, పడేటప్పుడు అదే ఆనిస్తారు."

క్లాసంతా కిసుక్కుమంది. మేడం నవ్వలేదు. "డాక్టరు రాయనిది లేనట్టే. మీకు అనిపించింది వెయ్యడానికి మీరు ఎవరు? ఉన్నది వెయ్యండి. లేకపోతే తెలియదని వెయ్యండి. తెలుసుకోవాలనుంటే డాక్టర్ని అడగండి. అంతే."

మీటరాయన ఇంటికొస్తూ దారి పొడుగునా గింజుకున్నాడు. చదువుకోని తప్పయితే చదివి దిద్దుకోవచ్చు. ఇది అలవాటైన తప్పు. నోటులో ఖాళీ కనిపిస్తే ఆయన చెయ్యి ఆగదు. అది తాళం వేసిన ఇల్లులాగే ఉంటుంది, సగటు వేసెయ్యకుండా ముందుకు పోవడం ఆయన వల్ల కాదు. తర్వాతి టెస్టులోనూ అలాగే పప్పులో కాలేశాడు. ఆ తర్వాతి దాన్లోనూ.

పుస్తకంలో కేసులన్నీ అయిపోయాక సాధనకు కేసులు కరువయ్యాయి. అప్పుడే ఆయనకు అత్తగారు వినిపించారు. వినిపించారని ఎందుకంటున్నానంటే, ఆవిడ రోజూ మాట్లాడుతూనే ఉన్నారు, ఆయన చెవికి ఎక్కింది మాత్రం అప్పుడే. ముందుగదిలోనే ఆవిడ మంచం, ఎదురుగా ఆయన బల్ల. పొద్దున్నే లేచి, "ఈ మోకాలు నన్ను బతకనిచ్చేట్టు లేదు" అని గోడకు చెప్పేవారు. కూతురు వంటింట్లోంచి, "వయసు కదమ్మా" అనేది. "తల తిరుగుతోంది" అంటే వయసు. "నిద్ర పట్టలేదు" అంటే వయసు. ఆ ఇంట్లో అన్ని జబ్బులకూ ఒకటే కోడు.

మీటరాయన ఆ రోజు కాగితం తీసుకుని మోకాలి నొప్పికి కోడు వేశాడు. అత్తగారు అది గమనించారు.

"ఏం రాశారు అల్లుడుగారూ?"

"మీ మోకాలండీ. ఏ వైపో చెప్పలేదు కాబట్టి, ఏ వైపో తెలియని మోకాలి నొప్పి అని."

"తెలియకపోవడమేంటి?" ఆవిడకు రోషం వచ్చింది. "పదేళ్ళ నుంచి నొప్పి పెడుతుంటే ఎవరికి తెలియదు? కుడి మోకాలు."

"మరి మీరు చెప్పలేదు కదండీ."

"మీరు అడిగారా?"

మీటరాయన కాగితం మీద కుడి అని దిద్దాడు. నిజానికి ఆయన అప్పటిదాకా ఆవిడను, అన్నం తిన్నారా అని తప్ప ఏమీ అడిగి ఎరగడు.

మర్నాటి నుంచి అత్తగారు గోడను వదిలేశారు. బల్లకు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుని, "ఇవాళ్టిది రాసుకోండి" అనేవారు. మెట్లు ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు నొప్పి. వారం కిందట గుమ్మం తగిలి గోరు లేచింది, ఎడమ కాలు, బొటనవేలు. వారానికే ఆవిడ ఆరితేరిపోయారు. కావాలని కొంత దాచిపెట్టి, "అడిగితే చెబుతాను" అని ఊరుకునేవారు. సొంత రోగాలు అయిపోతే మరిదివీ, ఆడపడుచువీ, ఎదురింటావిడవీ తెచ్చి పెట్టేవారు. అల్లుడు తొందరపడి ఏదైనా ఊహించి రాస్తే, "ఆ మాట నేనన్నానా?" అని అడ్డంగా పట్టుకునేవారు. కోచింగు మేడం అయినా అంత కచ్చితంగా ఉండేది కాదు.

అడగడంలో కూడా ఒక పద్ధతి ఉందని మేడం చెప్పింది. డాక్టరు నోట్లో జవాబు మనమే పెట్టకూడదు. 'ఇది గుండెజబ్బే కదండీ' అని అడగడం తప్పు. ఇదా, అదా, మరొకటా, చెప్పలేరా అని అన్ని దారులూ తెరిచి పెట్టాలి. మీటరాయన ఈ నియమం అత్తగారికి వివరించాడు. ఆవిడ విని, "ఇలా అడిగే మనిషిని నా జన్మలో చూడలేదు" అన్నారు.

టెస్టుల్లో మార్కులు పెరిగాయి. క్లాసులో నవ్వు ఆగింది. పరీక్ష దగ్గర పడింది. అప్పుడు తోడల్లుడు మళ్ళీ ఒక ఆదివారం వచ్చాడు, ఈసారి భార్యను కూడా వెంటబెట్టుకుని.

"తమ్ముడు పాసయ్యేట్టే ఉన్నాడే. మరి ఇద్దరూ ఉద్యోగాలకు పోతే పగలంతా అత్తయ్యగారి దగ్గర ఎవరుంటారు? మా ఇంటికి తీసుకెళ్ళిపోతాం. కింద గదిలో డబ్బాలు పక్కకు జరిపితే మంచం పడుతుంది."

"అవునమ్మా, ఒక్కదానివీ బిక్కుబిక్కుమంటూ ఎలా ఉంటావు?" అంది పెద్దకూతురు. చిన్నకూతురూ తలూపింది. ఏ ఆసుపత్రి కథ విన్నా బాత్రూములో జారిపడిన ముసలివాళ్ళదే అని ఆవిడ భయం ఆవిడది.

అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. తలెత్తలేదు. ఔననలేదు, కాదనలేదు. మీటరాయన ఆవిడ ముఖం చూశాడు. అది మూసుకుని ఉంది. ఆయన చూపు అక్కడే ఆగి, అలవాటు ప్రకారం లోపలేముందో లెక్క కట్టేసింది. పెద్ద ప్రాణం, సొంత ఇల్లు, తోడు లేని పగళ్ళు, పెయింటు వాసన కొట్టే గదిలో మంచం. నేను పాసయితే ఈవిడకు ఇల్లు పోతుంది. ఫెయిలయితే ఈవిడ ఇక్కడే ఉంటుంది, నేను కౌంటర్లో ఉంటాను.

అక్కణ్ణుంచి చదువు అటకెక్కింది. పుస్తకం తెరిచేవాడు, అదే పేజీ చూస్తూ కూర్చునేవాడు. తనకు రోజూ కుర్చీ వేసుకుని చెప్పిన మనిషిని తన చేతులతోనే ఇంట్లోంచి పంపిస్తున్నానని అనుకుని పుస్తకం మూసేసేవాడు. ఆఖరి టెస్టులో సగం తప్పులు చేశాడు. కావాలని చేశాడో, మనసు లేక చేశాడో ఆయనకే తెలియదు. అత్తగారు ఆ పేపరు చూసి కళ్ళజోడు తీసేశారు.

"ఏంటిది?"

"కుదరలేదండీ."

"నేను రోజూ గొంతు నొప్పెట్టేలా చెప్పింది ఇందుకేనా?"

పరీక్ష ముందు రోజు సాయంత్రం మీటరాయన ఇక ఆగలేకపోయాడు. భార్య ఇంకా ఆసుపత్రి నుంచి రాలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, నేను పాసయితే మీకు కష్టమవుతుంది కదా. బాధపడుతున్నారు కదా."

అత్తగారు ఆయన్ని ఎగాదిగా చూశారు.

"అలా అడగకూడదన్నారుగా మీ మేడం. జవాబు మీరే నా నోట్లో పెట్టేస్తున్నారు."

"అది కాదండీ..."

"ముందు పాసవ్వండి. తర్వాత సరిగ్గా అడగండి, చెబుతాను." ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి లోపల్నుంచి, "బాగా రాయండి, లేకపోతే ఊరుకోను" అని వినిపించింది. అంత కటువుగా ఆవిడ ఆయనతో ఎన్నడూ మాట్లాడలేదు.

పరీక్ష హాల్లో మీటరాయన దిండులాంటి పుస్తకాలు బల్ల మీద పేర్చుకున్నాడు. చుట్టూ పిల్లలు పేజీలకు అంటించుకున్న రంగురంగుల చీటీలు రెపరెపలాడుతున్నాయి. మొదటి గంట ఆయన ప్రశ్నలు చదువుతున్నాడు తప్ప అవి బుర్రకెక్కడం లేదు. ఒకచోట నోటులో ఎముక విరిగిందని ఉంది, ఏ చెయ్యో లేదు. జవాబుల్లో కుడి ఉంది, ఎడమ ఉంది, తెలియదు ఉంది. ఆయన చెయ్యి కుడి వైపు వెళ్ళింది. ఆ మాట నేనన్నానా అని ఎవరో గద్దించినట్టయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెలియదన్నచోట గుర్తు పెట్టాడు. అత్తగారికి ఏం కావాలో కూడా తనకు తెలియదు కదా అని అప్పుడు తోచింది. ఆవిడ చెప్పలేదు. తాను అడగలేదు. అడిగింది కూడా తప్పుగా అడిగాడు. తెలియనిదాని కోసం ఫెయిలవ్వడం తెలివితక్కువ పని. మిగిలిన సమయమంతా తల ఎత్తకుండా రాశాడు.

ఫలితం వచ్చింది. గట్టెక్కాడు. అత్తెసరు మార్కులే గానీ, సర్టిఫికెట్టు మీద మార్కులు వెయ్యరట. భార్య పనిచేసే ఆసుపత్రి వాళ్ళే అద్దాల గదిలో కుర్చీ చూపించారు. సోమవారం నుంచి రమ్మన్నారు. ఆ కబురు తెలిసిన మర్నాడే తోడల్లుడూ ఆయన భార్యా వచ్చేశారు. కింద గదిలో డబ్బాలు అప్పటికే జరిపేశారట.

ముందుగదిలో అందరూ కూర్చున్నారు. అత్తగారి బట్టలు ఏ పెట్టెలో సర్దాలా అన్న చర్చ నడుస్తోంది. దుప్పట్లు రెండు చాలని పెద్దకూతురు, మూడు కావాలని చిన్నకూతురు. అత్తగారు మంచం మీద కూర్చుని, తనకు సంబంధం లేని ఊరి సంగతి వింటున్నట్టు వింటున్నారు. మీటరాయన లేచి నిలబడ్డాడు. ఆయన నిలబడి మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు కాబట్టి అందరూ ఆగారు.

"అత్తయ్యా, నేను ఉద్యోగానికి వెళ్ళాక పగటిపూట మీరు ఎలా ఉండాలనుకుంటున్నారు? వదినగారింట్లోనా, ఇక్కడే ఎవరినైనా తోడు పెట్టుకునా, మరోలాగా, ఇప్పుడే చెప్పలేరా? ఏదైనా చెప్పొచ్చు."

"ఇదేం అడగడం తమ్ముడూ, ఇంటర్వ్యూలా?" అన్నాడు తోడల్లుడు.

అత్తగారు పెద్దల్లుడి వైపు చూడలేదు. మీటరాయన వైపే చూశారు. "మరోలాగ," అన్నారు.

ఇక్కడే తోడు పెట్టుకుంటానన్న రెండో జవాబే వస్తుందని మీటరాయన అనుకున్నాడు. తోడుకు మనిషిని కూడా లోలోపల చూసి పెట్టుకున్నాడు. "ఎలాగో చెప్పండి," అన్నాడు.

"ఇక్కడే. ఒక్కదాన్నే."

ఆవిడే చెప్పుకుపోయారు, మోకాలి నొప్పి చెప్పినంత మామూలుగా.

"ఈ ఇంటికి కాపురానికొచ్చినప్పుడు అత్తా మామా, ముగ్గురు మరుదులు, ఒక ఆడపడుచు. వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళేసరికి మీరిద్దరు. మీ పెళ్ళిళ్ళయ్యేసరికి మీ నాన్న రిటైరై ఇంట్లో కూర్చున్నారు. టీ పెట్టు, పేపరేదీ, మళ్ళీ టీ పెట్టు. ఆయన పోయినప్పుడు ఏడ్చాను. దొంగేడుపు కాదు, నిజంగానే ఏడ్చాను. తర్వాత ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఇంట్లో ఎవరూ లేరు. ఎవరికీ టీ పెట్టక్కర్లేదు. ఈ గదిలో కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని ఊరికే కూర్చున్నాను. ఏం చేస్తున్నావని ఎవరూ అడగలేదు. డెబ్బై ఏళ్ళలో అదే మొదటిసారి. అలా మూడు నెలలున్నాను."

"మరి నాకు రోజూ అన్ని కేసులు ఎందుకు చెప్పారండీ?" అన్నాడు మీటరాయన.

"మీరు పాసయితేగానీ ఈ గది ఖాళీ అవదని."

మీటరాయన కూర్చున్నాడు. నెలల తరబడి ఎదురుగా కూర్చుని, ఆవిడ ముఖం మీద లేనిది చదివి, దాని కోసం తన బతుకునే ఫెయిలు చేసుకోబోయాడు. ఆయన సగటు ఎప్పుడూ తప్పలేదన్న పేరు ఆ రోజుతో పోయింది. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఎక్కడో ప్రాణం తేలికపడింది.

"పడిపోతే ఎవరు చూస్తారు?" అన్నాడు తోడల్లుడు.

"మధ్యాహ్నం ఒకసారి ఫోను చెయ్యండి, ఎత్తుతాను. రెండోసారి చేస్తే ఎత్తను."

చిన్నకూతురి కళ్ళు తడిశాయి. మడతపెడుతున్న దుప్పటి ఒళ్ళోనే ఉంది.

"మేం వచ్చింది నీకోసమే కదమ్మా," అంది.

అత్తగారు చెయ్యి చాచి ఆ దుప్పటి తీసుకుని, పక్కన పెట్టారు.

"తెలుసమ్మా. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు."